గర్భధారణ పరిశోధకుల పనిని తూచడానికి గూగుల్ స్కాలర్ ఎంతవరకు పనికొస్తుంది?

గర్భిణుల ఆరోగ్యం మీద వ్యాసం రాయవలసి వచ్చినప్పుడు, ఎవరి పరిశోధనను ఆధారం చేసుకోవాలో తేల్చుకోవడానికి నేను మొదట తెరిచేది పరిశోధన పత్రాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్. 2004 నవంబరులో మొదలైన ఈ సేవకు రుసుము లేదు, వెతకడానికి ఖాతా కూడా అక్కరలేదు. పరిశోధకుడు తన ప్రొఫైల్ తెరిచి ఉంచుకున్నట్లయితే, ఆయన ప్రచురించిన పత్రాలు, ఒక్కోదానిని ఎన్ని ఇతర పత్రాలు ఉదహరించాయి, ఆ సైటేషన్లు ఏటికేడు పెరిగాయా తగ్గాయా అన్నది ఒకే పేజీలో కనిపిస్తుంది. ఇంత వేగంగా, ఇంత విస్తారంగా వెతికిపెట్టే ఉచిత సేవ నాకు మరొకటి తారసపడలేదు. కానీ ఆ పేజీలోని అంకెలను మార్కుల జాబితాలా చదివితే దారి తప్పడం ఖాయం.

ఆ అంకెల్లో ముఖ్యమైనది భౌతిక శాస్త్రవేత్త హిర్ష్ 2005లో ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్. అది 40 అంటే, కనీసం 40 సైటేషన్ల చొప్పున పొందిన పత్రాలు ఆ పరిశోధకుడికి 40 ఉన్నాయని అర్థం. తన పత్రాన్ని తానే ఉదహరించుకున్నా స్కాలర్ దానిని విడదీసి చూపదు. వంద మంది రచయితలలో ఒకరైనా, ఒంటరిగా రాసినా ఈ లెక్కకు ఒకటే. ప్రసూతి వైద్యంలో ఇది చిన్న లోపం కాదు, ఎందుకంటే ఈ రంగాన్ని మలుపు తిప్పిన పెద్ద ప్రయోగాలు తరచుగా వ్యక్తుల పేర్లతో కాక బృందం పేరుతోనే వెలువడ్డాయి. గుర్రపువాతాన్ని (గర్భిణులకు రక్తపోటు పెరిగి వచ్చే మూర్ఛను) నివారించడంలో మెగ్నీషియం సల్ఫేట్ విలువను 33 దేశాలలో పదివేలమందికి పైగా స్త్రీలలో పరీక్షించిన మ్యాగ్‌పై ప్రయోగం 2002లోనూ, కాన్పు తర్వాతి రక్తస్రావంలో ట్రానెక్సామిక్ ఆమ్లాన్ని 20,060 మందిలో పరీక్షించిన ఉమన్ ప్రయోగం 2017లోనూ లాన్సెట్ పత్రికలో అలాగే వచ్చాయి. అటువంటి పనికి ఏళ్ల తరబడి వెన్నెముకగా నిలిచిన వైద్యుల శ్రమను వ్యక్తిగత ప్రొఫైల్‌లో ఏ అంకె సరిగా పట్టుకోగలదు?

ఇక సైటేషన్ల సంఖ్యకూ, తల్లికి కలిగిన మేలుకూ ఉన్న దూరాన్ని మన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఉదాహరణ బాగా చూపుతుంది. విజ్ఞానశాస్త్రంలో అత్యధిక సైటేషన్లు పొందిన పత్రాలను లెక్కించినప్పుడు కనిపించేది 1925లో ఆయన ఫిస్క్‌తో కలిసి రాసిన భాస్వరం కొలిచే పద్ధతి. ప్రయోగశాలలో ఆ పద్ధతిని వాడిన ప్రతివారూ దానిని ఉదహరించారు కాబట్టి అంకె పెరిగింది. అదే ఫోలిక్ ఆమ్లం కథ చూడండి: బొంబాయిలో గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతుందని బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్ 1931లో ప్రచురించారు, ఆ సారంలో పనిచేసింది ఫోలిక్ ఆమ్లమేనని తర్వాత తేలింది, 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో సుబ్బారావు గారి నేతృత్వంలో ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణ జరిగింది, మునుపటి కాన్పులో వెన్నులోపంతో బిడ్డ పుట్టిన స్త్రీలు మళ్లీ గర్భం దాల్చే సమయంలో దానిని తీసుకుంటే ఆ లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గుతుందని 1991లో బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి ప్రయోగం తేల్చింది. నేడు ప్రతి ఆరోగ్య కేంద్రంలో గర్భిణి చేతికందే ఆ మాత్ర వెనక ఎవరి పాలెంత అని స్కాలర్‌ను అడిగితే దానివద్ద జవాబు లేదు.

పేర్ల చిక్కు మనవారికి మరీ ఎక్కువ. సుబ్బారావు గారి పేరే ఆంగ్ల లిపిలో పలు తీర్లుగా అచ్చయింది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట పొడి అక్షరంగా, పెళ్లి తర్వాత వేరుగా పడిన వైద్యురాలి పత్రాలు రెండు మూడు పేర్ల కింద చెల్లాచెదురుగా ఉంటాయి; ప్రొఫైల్‌లో వాటిని తానే చేర్చుకోకపోతే ఆమె రికార్డు సగమే కనిపిస్తుంది.

స్కాలర్‌కు నేనిచ్చే రేటింగులో రెండు నక్షత్రాలు తగ్గించింది మాత్రం మరో కారణానికి. 1994లో లండన్ సెయింట్ జార్జ్ ఆసుపత్రి వైద్యుడు మాల్కమ్ పియర్స్, గర్భాశయం వెలుపల పడిన పిండాన్ని లోపల నాటి కాన్పు చేయించానంటూ బ్రిటన్‌లోని ప్రముఖ ప్రసూతి పత్రికలో ప్రచురించాడు. అది కల్పితమని తేలడంతో పత్రిక దానిని ఉపసంహరించింది. దానికి సహరచయితగా పేరు పెట్టుకున్నది ఆ పత్రిక సంపాదకుడే. ఇలా ఉపసంహరించిన పత్రాలకు, వైద్య పరిశోధన పత్రాల సూచిక అయిన పబ్‌మెడ్ స్పష్టమైన హెచ్చరిక తగిలిస్తుంది; స్కాలర్ ఫలితాల్లో అది ఉంటుందన్న భరోసా లేదు, పైగా అటువంటి పత్రాన్ని తప్పుపడుతూ ఉదహరించినవి సైతం సైటేషన్లుగానే లెక్కకెక్కుతాయి. అందుకే పేరు, పత్రాల జాబితా స్కాలర్‌లో చూసుకుని, నేను వాడబోయే ఒక్కో పత్రాన్నీ పబ్‌మెడ్‌లో తిరిగి వెతికి, దానిని ఉదహరించినవాటిలో కాక్రేన్ సమీక్షలు (ఒక ప్రశ్నపై జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి తూచేవి) ఏమైనా ఉన్నాయేమో పరిశీలిస్తాను. ఈ చివరి పనికి స్కాలర్‌లోని ‘ఉదహరించినవి’ లంకె చాలా ఉపయోగపడుతుంది, ఆ జాబితాలో మళ్లీ వెతికే వీలూ ఉంది. ఒక్కో పత్రానికి పావుగంట పడుతుంది.