భీమిలి బస్సులో ఒక రోజు: తక్కువ ఖర్చుతో విశాఖ తీరం

విశాఖపట్నం చూడటానికి వచ్చేవారిలో చాలామంది కారు మాట్లాడుకుని, ఉరుకులు పరుగుల మీద తిరిగి, చేతిలోని డబ్బులో పెద్ద భాగం ఆ కారుకే పెడుతుంటారు. ఆ అవసరం లేదని నా అభిప్రాయం. రైల్వేస్టేషన్ నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ మీదుగా భీమిలి వెళ్లే 900కె సిటీ బస్సు పట్టుకుంటే, ఈ తీరంలో చూడదగినవాటిలో మేలైనవి చాలావరకు ఆ దారిలోనే తగులుతాయి. పొద్దున్నే నేరుగా భీమిలి చేరుకుని, తిరుగు ప్రయాణంలో ఒక్కొక్క చోట దిగుతూ రావడం మంచిది. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర సీటు చూసుకోవాలి. రుషికొండ దాటాక సముద్రం అటువైపే కనిపిస్తుంది.

భీమిలి గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట వెలసిన పాత రేవు పట్టణం. 1861లోనే ఇక్కడ మునిసిపాలిటీ ఏర్పడింది. 17వ శతాబ్దంలో వర్తకానికి వచ్చిన డచ్చివారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఉప్పుగాలికి అరిగిన సమాధి పలకల మీది అక్షరాలు ఉదయపుటెండ ఏటవాలుగా పడినప్పుడే కాస్త తేటగా కనిపిస్తాయి కనుక, టిఫిను ముగించగానే ముందు అక్కడికే వెళ్లాలి. ఆ తరువాత నది మొగ వైపు నడిచి, పడవలూ వలలూ చూస్తూ కూర్చోవడానికి పైసా ఖర్చు లేదు.

భీమిలికి కొద్ది దూరం ఇవతల ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. వేల ఏళ్ల పాటు గాలీ నీరూ పేర్చి, కోసిన ఈ ఎర్ర ఇసుక దిబ్బల వంటివి దక్షిణాసియాలో తమిళనాడులోనూ శ్రీలంకలోనూ తప్ప అంతగా కనిపించవు. వాన నీరు కోసిన లోయల్లోకి దిగితే రెండు పక్కలా ఎర్రటి గోడలు నిలువునా లేస్తాయి. చేత్తో తాకితేనే పొడిగా రాలిపోయే మట్టి అది. ఫొటోల కోసం దిబ్బల అంచులు ఎక్కి తొక్కేవారిని చూస్తే మనసు చివుక్కుమంటుంది. దయచేసి కింది దారిలోనే నడవండి.

నా లెక్కలో ఈ దారి మొత్తానికి తలమానికం తొట్లకొండ. 1976లో నౌకాదళం సర్వే చేస్తుండగా బయటపడిన ఈ బౌద్ధ ఆరామంలో ఆ తరువాత జరిగిన తవ్వకాల్లో మహాస్తూపం, విహారాలు, భిక్షువుల భోజనశాల పునాదులతో పాటు శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. వాన నీటిని నిలవ చేసుకోవడానికి కొండరాతిలోనే తొలిచిన తొట్ల అంచున నిలబడి కిందనున్న సముద్రాన్ని చూస్తే, ఓడల మీద వచ్చే వర్తకులకూ ఈ కొండ మీది భిక్షువులకూ ఉన్న సంబంధం ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. 2019 వానలకు మహాస్తూపం కొంత కూలిపోగా మళ్లీ నిలబెట్టారు. అయితే సదుపాయాలు ఈ చోటి గొప్పతనానికి తగినట్టు లేవు. నీడ తక్కువ, తాగునీరు వెంట తెచ్చుకోవాల్సిందే. రోడ్డు నుంచి పైకి ఎక్కుడు దారి కనుక, పెద్దవాళ్లు ఉంటే ఆటో మాట్లాడుకోవాలి. రానూపోనూ బేరం ముందే తేల్చుకోకపోతే పైన తిరుగు బండి దొరకదు.

రుషికొండలో రద్దీ ఎక్కువ. ఇసుకలో కాసేపు నడిచి బస్సెక్కేస్తే చాలు.

డబ్బు పెట్టి చూసినవాటిలో పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేసింది ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన ఈ ఓడను 2002లో ఒడ్డుకు చేర్చి మ్యూజియంగా మార్చారు. గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరుతూ, ఒకదాని మీద ఒకటిగా ఉన్న ఇరుకు పడకలను చూస్తూ పోతే నావికుల కష్టం కళ్లకు కడుతుంది. నౌకాదళంలో పనిచేసి రిటైరైనవారే దగ్గరుండి వివరిస్తారు. తొందరపడి దాటిపోకుండా వారిని ప్రశ్నలు అడగండి, ఎంతో ఓపికగా చెబుతారు. సోమవారం సెలవు, మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు కనుక దీన్ని చివరికి ఉంచుకోవడమే వీలు.

రాత్రి ఉండిపోయేవారు బీచ్ రోడ్డు హోటళ్ల కన్నా కాంప్లెక్స్ చుట్టుపక్కల లాడ్జీలు చూసుకుంటే ఖర్చు కలిసివస్తుంది, పొద్దున భీమిలి బస్సూ అక్కడే దొరుకుతుంది.