తారు పనులకు కార్మిక పరిహార పాలసీ: ఏడు సీజన్ల వాడకం తర్వాత

రేణిగుంట, పుత్తూరు, పూతలపట్టు వైపు రోడ్డు తారు పనులకు, పనిలో కూలీ గాయపడినా చనిపోయినా కాంట్రాక్టరు ఇవ్వాల్సిన పరిహారం కట్టే ఒకే బీమా పాలసీని ఏడు సీజన్లుగా రెన్యూ చేస్తూ వచ్చాం. కంపెనీ పేరు అనవసరం, పాలసీ రాతలు అన్నిచోట్లా ఇంచుమించు ఒకటే. మా మార్కు అయిదుకు మూడున్నర. పోయిన ఒకటిన్నరలో ఒకటి ఏజెంట్లు చెప్పకుండా దాటేసే సంగతులకు, అర మన మస్టరుకు, అంటే కూలీల హాజరు, కూలి రాసే పుస్తకానికి.

మస్టరు సంగతే ముందు. మరణానికి పరిహారం లెక్క ఇది: నెల కూలిలో సగం, దాన్ని వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి. 30 ఏళ్లవాడికి గుణకం 207.98. 2020 జనవరి నుంచి లెక్కకు తీసుకునే నెల కూలి గరిష్ఠం 15,000. అంటే 7,500ను 207.98తో హెచ్చిస్తే 15,59,850 రూపాయలు. ప్రీమియం కూలి మొత్తం మీద పడుతుంది కాబట్టి, రోజుకు 600 ఇస్తున్నా 350 అని రాయమనే ఏజెంట్లున్నారు. 26 రోజులకు 9,100 అవుతుంది, పరిహారం 9,46,309 దగ్గర ఆగుతుంది. కమిషనరు (పరిహారం తేల్చే అధికారి) ముందు అసలు కూలి రుజువైతే తేడా 6,13,541 కాంట్రాక్టరు జేబులోంచే పోవాలి. ప్రీమియంలో మిగిలేది చూస్తే, ఇంత తెలివితక్కువ పొదుపు ఇంకోటి లేదు.

మామూలు పాలసీలో ఉండనివి రెండు అడిగి రాయించుకోవాలి. ఒకటి, మేస్త్రీ తెచ్చిన కూలీలు. వాళ్లకేమైనా అయితే చట్టం పట్టుకునేది అసలు కాంట్రాక్టరునే. తర్వాత మేస్త్రీ దగ్గర రాబట్టుకోవచ్చు, రాబట్టగలిగితే. రెండోది వైద్య ఖర్చు. తారు కాలినవాడికి ఆసుపత్రి బిల్లే ముందొస్తుంది, ఈ అదనపు కవరు లేకపోతే కంపెనీ చేతులెత్తేస్తుంది. పరిహారం నెల దాటితే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుంటే 50 శాతం దాకా జరిమానా. ఆ జరిమానా ఏ పాలసీ కట్టదు. బిల్లులో కోసే 1 శాతం సెస్సును బీమా అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుకు వెళ్తుంది, దీనికీ దానికీ సంబంధం లేదు.

మనిషి పోతే కుటుంబంతో రాజీ రాసుకుని డబ్బు చేతికివ్వకండి. మూడు నెలల కూలి వరకు అడ్వాన్సు తప్ప మిగతాది లెక్కకు రాదు. మొత్తం కమిషనరు దగ్గరే జమ చెయ్యాలి. ఏడు రోజుల్లో ప్రమాద నివేదిక, కంపెనీకి అదే రోజు రాతపూర్వక సమాచారం, ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం, వయసు రుజువు, వేలిముద్రలున్న మస్టరు. చివరిది లేకే ఎక్కువ క్లెయిములు నెలల తరబడి సాగుతాయి.

ఇక సైటు. తారు పనిలో మనుషుల ప్రాణం తీసేది ఎక్కువగా రివర్సులో వచ్చే టిప్పరే. పేవరుకూ (మిక్సు పరిచే యంత్రం) టిప్పరుకూ మధ్య ఎవరూ నిలబడకూడదు. టిప్పరు ఒక అడుగు ముందే ఆగాలి, పేవరే వచ్చి తాకాలి. డ్రైవరు అద్దంలో కనిపించేచోట ఒక్కడే చెయ్యి ఊపాలి, ఇద్దరు ఊపితే ఎవరూ ఊపనట్టే. తొట్టి లేపేముందు పైన కరెంటు తీగ చూడాలి. వెనక తలుపు దగ్గర వేళ్లు పెట్టి తట్టడం మాన్పించాలి. బొటనవేలు పోతే 30 శాతం వైకల్యం; వైకల్యానికి లెక్క కూలిలో సగం కాదు, 60 శాతం మీద, కాబట్టి 30 ఏళ్లవాడికి గరిష్ఠ కూలి మీద అది 5,61,546 రూపాయలు.

వీజీ-30 రకం తారు కలిపిన మిక్సు 150 నుంచి 165 డిగ్రీల్లో ప్లాంటు దాటుతుంది, పరిచేటప్పుడు కనీసం 140 ఉండాలి. అంత వేడి తారులో తడి బకెట్టు ముంచితే నీరు ఆవిరై 1,700 రెట్లు ఉబ్బి, నురగతో పొంగి మీద పడుతుంది. కాటన్ నిండు చేతుల చొక్కా, ప్యాంటు బూటు పైకి. లోపలికి దోపితే తారు బూట్లోకే కారుతుంది. పాలియెస్టర్ కరిగి చర్మానికి అంటుతుంది. కాలితే 20 నిమిషాలు చల్లటి నీళ్లు పొయ్యాలి, అంటిన తారు పీకకూడదు. కిరోసిన్‌తో తుడవడం మన వైపు పాత అలవాటు, అది గాయాన్ని ఇంకా పాడుచేస్తుంది.

పెరటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరు మధ్య) నగరి, పుత్తూరు రోడ్డు అంచున రాత్రిళ్లు తిరుమల కాలినడక భక్తులు నడుస్తారు. బండ్లకు భయపడి కోన్ల లోపలికే, రోలరు దారిలోకే వస్తారు. కోన్లు చాలవు. తాడు కట్టి వేరే దారి చూపి, ఒక మనిషిని పెట్టాలి.

2025 నవంబరు 21 నుంచి 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. పనితో సంబంధం తేలితే, ఇంటికీ సైటుకీ మధ్య జరిగిన ప్రమాదం కూడా ఇప్పుడు లెక్కలోకి వస్తుంది. కూలీలను ట్రాక్టరు ట్రాలీలో తెచ్చేవాళ్లు ఇది రెండుసార్లు చదవాలి. రెన్యూవల్ కాగితంలో ఇంకా పాత చట్టం పేరే ఉంటే, మార్చి రాసిచ్చేదాకా సంతకం పెట్టకండి.