సుయ్‌మనే శబ్దం, ఆటోనగర్‌లో బోర్డు లేని షెడ్డు

కంకిపాడు దాటి గుడివాడ రోడ్డెక్కాక లారీని ఓవర్‌టేక్ చేద్దామని యాక్సిలరేటర్ నొక్కాను. బానెట్ కిందనుంచి ‘సుయ్‌’మని శబ్దం. కుక్కర్ విజిల్ వేసే ముందు ఆవిరి తన్నుకొస్తుందే, అచ్చం అలా. కాలు తీయగానే ఠక్కున ఆగిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ మొదలు.

నాది 2014 మోడల్ డీజిల్ కారు, లక్షా పద్దెనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. గుడివాడలో కాలేజీ ఉద్యోగం కాబట్టి రోజూ రానూపోనూ ఎనభై కిలోమీటర్లకు పైనే నడుపుతాను. వారం తిరిగేసరికి పికప్ పడిపోయింది. గట్టిగా నొక్కితే అద్దంలో నల్లటి పొగ కనిపించేది. లీటరుకు ఇరవై ఒకటి ఇచ్చే బండి పదహారుకు దిగింది. ఒంటరిగా వెళ్లేదాన్ని, సాయంత్రం చీకటి పడ్డాక ఎక్కడ ఆగిపోతుందోనని ఒకటే టెన్షన్.

మొదట ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌లో చూపించాను. బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో రేస్ చేసి విన్నారు. శబ్దం రాలేదు. స్కానర్ పెడితే పి0299 అని కోడ్ వచ్చింది, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే టర్బోలో ప్రెషర్ తక్కువగా ఉందని దాని అర్థం. టర్బో పోయింది, మార్చాలి, నలభై ఆరు వేలు అవుతుందని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఎవరూ బండి ఎక్కి ఒక రౌండ్ తిప్పలేదు. నాకు బాధ కలిగించింది డబ్బు కంటే అదే.

మా కాలేజీ బస్సు డ్రైవర్ చెబితే విజయవాడ ఆటోనగర్‌లో ఈ షెడ్డుకి వెళ్లాను. బోర్డు లేదు. మేస్త్రి గారికి అరవై దాటి ఉంటాయి. బానెట్ ఎత్తుతారేమో అనుకుంటే ఎత్తలేదు. ముందు ప్రశ్నలు. ఏ గేరులో వస్తోంది? నిలబెట్టి రేస్ చేస్తే వస్తోందా, నడుస్తుంటేనే వస్తోందా? స్టీరింగ్ తిప్పినప్పుడు టక్ టక్‌మంటోందా? అలా అయితే యాక్సిల్ జాయింట్ చూడాలట. కాలు తీసినా స్పీడుతో పాటు గుర్రుమంటూనే ఉంటుందా? అలా అయితే చక్రం బేరింగో, టైరో అట. నేను ఒక్కొక్కదానికీ జవాబు చెబుతుంటే ఆయన తల ఊపుతూ వింటున్నారు. నా కారు గురించి నన్ను ఇంత శ్రద్ధగా అడిగినవాళ్లు అంతకుముందు లేరు.

తర్వాత పక్క సీట్లో కూర్చున్నారు. ‘మీరు నడపండి’ అని తాళం ఇవ్వబోయాను.

‘మీరే నడపండమ్మా. మీ కాలి కింద వచ్చే శబ్దమే నాకు కావాలి’ అన్నారు.

ఏసీ ఆపించి, తన వైపు అద్దం దింపి, ఒక గోడౌన్ ప్రహరీ పక్కనుంచి పోనివ్వమన్నారు. పొద్దున్నే కాబట్టి ఆ వీధిలో లారీల అలికిడి ఇంకా లేదు. మూడో గేరులో, నలభై స్పీడులో ఉండగా పూర్తిగా నొక్కమన్నారు. గోడకు తగిలి వెనక్కొచ్చిన ఆ ‘సుయ్‌’ నాలుగు వారాల్లో మొదటిసారి నాకు అంత స్పష్టంగా వినిపించింది. రెండోసారి, సరిగ్గా శబ్దం వస్తుండగా యాక్సిలరేటర్ వదిలి క్లచ్ తొక్కమన్నారు. బండి అదే ఊపులో పోతోంది, శబ్దం మాత్రం లేదు. ‘చక్రాలది కాదు, గేర్‌బాక్సుదీ కాదు. గాలి పోతోంది’ అన్నారు. నిలబెట్టి రేస్ చేసినప్పుడు ఎందుకు రాలేదో కూడా చెప్పారు. ఇంజిన్ మీద బరువు పడనప్పుడు టర్బో గాలిని పెద్దగా తోయదట. పైపులో పగులు ఉన్నా అప్పుడు మూసుకునే ఉంటుంది.

షెడ్డుకి వచ్చి ఇంజిన్ చల్లారాక టర్బోకి గాలి వెళ్లే పైపు ఊడదీశారు. లోపలి చిన్న ఫ్యాను ఇరుసును వేలితో కదిపి, నన్నూ కదిపి చూడమన్నారు. పక్కలకు వెంట్రుకవాసి కదలింది, ముందుకీ వెనక్కీ అసలు కదలలేదు. ఫ్యాను రెక్కలు టర్బో లోపలి గోడకు రాసుకున్న గుర్తు కూడా లేదు. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే వస్తువు అది. పోయి ఉంటే అంత నున్నగా ఉండదన్నారు.

ఆ తర్వాత చేసింది నేను ఎప్పటికీ మరచిపోను. పీవీసీ పైపు మూతకు సైకిల్ ట్యూబు వాల్వు బిగించి ఆయనే తయారుచేసుకున్న సాధనం ఒకటుంది. దాన్ని టర్బో మూతికి క్లిప్పుతో బిగించి, కంప్రెసర్ గాలి కొద్దికొద్దిగా వదిలారు. కుర్రాడు బ్రష్షుతో సబ్బునీళ్లు పూస్తూ పోయాడు. పైన ఎక్కడా ఏమీ లేదు. టర్బో తోసిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు పైపు అడుగున, క్లిప్పుకి ఆనుకుని, బుసబుసమని నురగ పొంగింది. చిన్న అద్దం కింద పెట్టి చూపించారు. గోరంత పగులు. చుట్టూ నూనె తడికి దుమ్ము అంటుకుని నల్లగా అట్టకట్టి ఉంది.

‘గాలి తక్కువైందని కంప్యూటర్ చెప్పింది నిజమేనమ్మా. ఎక్కడ పోతోందో అది చెప్పదు’ అన్నారు. లోపలికొచ్చే గాలిని కొలిచే సెన్సర్ దాటాక గాలి పోతోంది కాబట్టి, ఆ గాలి ఉందనుకుని ఇంజిన్ డీజిల్ పోస్తోంది. నల్లపొగకీ, మైలేజీ పడిపోవడానికీ కారణం ఇదే.

పాత పైపు నా చేతికే ఇచ్చి, అదే సైజు కొని తెమ్మని రెండు వీధుల అవతల స్పేర్స్ దుకాణానికి పంపారు. పైపు 1,950, కొత్త క్లిప్పులు 160, ఆయన కూలి 800. మొత్తం 2,910 రూపాయలు. మధ్యాహ్నం ఒంటి గంటకు బండి నా చేతికొచ్చింది. అంతకుముందు మళ్లీ అదే గోడ పక్కన, మళ్లీ నాచేతే నడిపించి విన్నారు.

ఇబ్బందులూ చెప్పాలి. కూర్చోవడానికి ఒక్క స్టూలే ఉంది. ఆడవాళ్లకు టాయిలెట్ లేదు, నేను పెట్రోల్ బంకు దాకా నడిచి వెళ్లాల్సి వచ్చింది. ఇంత పనితనం ఉన్నచోట ఇది తప్పకుండా సరిచేయాలి, ఆయనకూ చెప్పాను. కూలికి బిల్లు ఇవ్వరు, కాగితం మీద రాసిస్తారు. పనిలో ఉంటే ఫోన్ ఎత్తరు. పది దాటితే అప్పటికే మూడు బండ్లు ముందుంటాయి, ఎనిమిదిన్నరకల్లా వెళ్లండి.

వెళ్లే ముందు శబ్దం ఏ గేరులో, ఎంత స్పీడులో, ఏసీ ఉన్నప్పుడా లేనప్పుడా, ఎత్తు ఎక్కేటప్పుడా అన్నది రెండు మూడు రోజులు గమనించి రాసుకుని వెళ్లండి. నేను ఫోన్‌లో రికార్డు చేసింది వినిపించబోతే పక్కన పెట్టమని, కాగితం మీద రాసుకున్నది మాత్రం రెండుసార్లు చదివించుకున్నారు.

ఆరు వారాలైంది. పొగ లేదు, మైలేజీ మళ్లీ ఇరవై దాటింది. గట్టిగా నొక్కినప్పుడు సన్నటి ఈల ఒకటి ఇప్పటికీ వినిపిస్తుంది. అది టర్బో గొంతేనని, పెద్దదైతే మాత్రం వెంటనే తీసుకురమ్మని ముందే చెప్పారు. వారానికోసారి అద్దం దింపి, గోడ ఉన్న చోట చూసుకుని ఒకసారి వింటున్నాను.