ముహూర్తానికి ఒక టైమర్, ముఖ్య అతిథికి ఇంకో టైమర్: ఓబీఎస్‌లో ఏది మేలు?

విశాఖలో ఇప్పుడు పెళ్లి అంటే ఫొటోలు, వీడియోతో పాటు లైవ్ కూడా మాట్లాడుకోవాల్సిందే. ఇక్కడ ఎంవీపీ కాలనీలో పెళ్లి జరుగుతుంటే న్యూజెర్సీలో మేనత్త ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. జీలకర్ర బెల్లం ఎన్నింటికి, ఇంకా ఎంతసేపు అని పెళ్లివాళ్లకు మెసేజ్‌లు పెడుతూనే ఉంటుంది. స్క్రీన్ మూల ఒక కౌంట్‌డౌన్ కనిపిస్తే ఆ గొడవ సగం తగ్గుతుంది.

లైవ్ ప్రసారానికి వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ స్టూడియోలో ఈ పనికి మామూలుగా మూడు దారులున్నాయి: రెడీమేడ్ కౌంట్‌డౌన్ వీడియో, ఓబీఎస్‌తో పాటే వచ్చే లువా స్క్రిప్ట్ (లువా అనే భాషలో రాసిన చిన్న ప్రోగ్రాం), బ్రౌజర్ సోర్స్‌లో (వెబ్‌పేజీని వీడియో మీద చూపించే భాగం) మనం రాసుకునే చిన్న పేజీ. వీటిలో ఏది మేలని అడిగేవాళ్లు ముందు ఒకటి తేల్చుకోవాలి. మీ టైమర్ గడియారాన్ని చూసి నడవాలా, మీరు నొక్కే బటన్‌ని చూసి నడవాలా? ముహూర్తం రాత్రి 9:42 అయితే అది ఎవరి కోసమూ ఆగదు. సిరిపురంలో డాన్స్ ప్రోగ్రాం అలా కాదు. కార్డు మీద ఆరు గంటలని ఉన్నా, ముఖ్య అతిథి కారు దిగాకే దీపం వెలిగిస్తారు. ఈ రెండింటికీ ఒకే టైమర్ పెడితే ఏదో ఒకచోట నవ్వులపాలవుతాం.

వీడియో సంగతి త్వరగా తేల్చేద్దాం. పది నిమిషాల కౌంట్‌డౌన్ క్లిప్‌ని మీడియా సోర్స్‌గా పెడితే చూడ్డానికి అందంగానే ఉంటుంది, కోడ్ అక్కర్లేదు. కానీ అతిథి ఇంకో పావుగంట ఆలస్యమని కబురొస్తే చేయగలిగింది పెద్దగా లేదు, క్లిప్‌ని ఆపి ఉంచడమో, మళ్లీ మొదటినుంచి వేయడమో తప్ప. క్లిప్‌లో సినిమా పాట కలిపారంటే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ కూడా తోడవుతుంది. సన్నాయి ఆల్బమ్‌లోంచి తీసిన ముక్కకీ హక్కుదారులు ఉంటారని చాలామందికి తట్టదు.

ఇక లువా. 2018లో వచ్చిన 21వ వెర్షన్ నుంచి ఓబీఎస్‌లో స్క్రిప్టులు నడుస్తున్నాయి. టూల్స్ మెనూలో స్క్రిప్ట్స్ తెరిచి ప్లస్ గుర్తు నొక్కితే కౌంట్‌డౌన్ పేరుతోనే ఒక నమూనా ఫైల్ దొరుకుతుంది. విడిగా ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఏ టెక్స్ట్ సోర్స్‌లో (తెర మీద అక్షరాలు చూపించే భాగం) అంకెలు చూపించాలో ఎంచుకుని, ఎన్ని నిమిషాలో చెప్పి, సున్నాకి వచ్చాక కనిపించాల్సిన మాట రాస్తే పని అయిపోయింది. రీసెట్ బటన్ ఉంది, దానికి హాట్‌కీ (కీబోర్డు షార్ట్‌కట్) కూడా పెట్టుకోవచ్చు. సభలకి నేను దీనికే ఓటేస్తాను. అతిథి ఆలస్యమైతే ఒక్క కీ నొక్కుడుతో టైమర్ మళ్లీ మొదలవుతుంది, చూసేవాళ్లు కూడా పెద్దగా పట్టించుకోరు.

అయితే దీని తత్వం తెలియకుండా పెళ్లికి తీసుకెళితే ఇబ్బందే. ఈ స్క్రిప్ట్ గడియారం వైపు అసలు చూడదు. సెకనుకోసారి లెక్కలోంచి ఒకటి తీసేస్తుందంతే. పైగా ఆ టెక్స్ట్ సోర్స్ లైవ్‌లోంచి పోయి తిరిగి వచ్చిన ప్రతిసారీ లెక్క మొదటికొస్తుంది. అంటే టైమర్ సీన్‌లో నాలుగు నిమిషాలు మిగిలి ఉండగా గౌరీపూజ చూపిద్దామని ఇంకో కెమెరా సీన్‌కి వెళ్లి వచ్చారనుకోండి, మళ్లీ పది నిమిషాలు. అటు మేనత్తకి టెన్షన్, ఇటు మనకి ఫోన్లు. డెస్క్‌టాప్ పెట్టుకున్నవాళ్లకి కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు సిస్టమ్ ఆగి లేచినా ఇదే తంతు. ఇంకో చిన్న లోటు, వ్యవధి పూర్తి నిమిషాల్లోనే ఇవ్వాలి. తొంభై సెకన్లు కావాలంటే కుదరదు.

ఫైల్‌ని కాపీ చేసుకుని మార్చుకోవడం కష్టమేమీ కాదు. ఒకటి తీసేసే లైన్ బదులు, ముగింపు సమయాన్ని ఒక వేరియబుల్‌లో దాచి, అందులోంచి లువాలోని ఓఎస్ టైమ్ ఫంక్షన్ ఇచ్చే ఇప్పటి సమయాన్ని తీసివేయాలి. సీన్ మారినప్పుడు రీసెట్ చేసే భాగాన్ని తొలగించాలి. అక్కడ ఒక జాగ్రత్త అవసరం. టెక్స్ట్ సోర్స్‌ని పేరుతో పట్టుకున్న ప్రతిసారీ పని అయ్యాక రిలీజ్ చేయాలి. ఆ లైన్ చెరిపేస్తే సెకనుకోసారి మెమరీ లీకవుతూ ఉంటుంది. సోర్స్ పేరు మార్చినా స్క్రిప్ట్‌కి అది దొరకదు.

పైథాన్ అనే ఇంకో భాషతో కూడా ఇదంతా చేయొచ్చు. కానీ విండోస్‌లో పైథాన్ విడిగా వేసి, ఆ ఫోల్డర్ దారి ఓబీఎస్‌కి చూపించాలి. అంకెలు తగ్గించడానికి అంత హడావిడి దేనికి?

ముహూర్తానికి మాత్రం బ్రౌజర్ సోర్సే. ఓబీఎస్ లోపల క్రోమియం అనే బ్రౌజర్ ఉంటుంది కాబట్టి నోట్‌ప్యాడ్‌లో రాసిన చిన్న హెచ్‌టీఎంఎల్ ఫైల్ కూడా చక్కగా నడుస్తుంది. ముహూర్త సమయంలోంచి ఇప్పటి సమయాన్ని తీసివేసి, మిగిలింది గంటలు, నిమిషాలు, సెకన్లుగా చూపించే జావాస్క్రిప్ట్ ఇరవై లైన్లు దాటదు. సీన్లు ఎన్నిసార్లు మార్చినా, సిస్టమ్ రీస్టార్ట్ అయినా, పేజీ తెరుచుకోగానే సరైన లెక్కే చూపిస్తుంది. దానికి గుర్తుంచుకోవాల్సింది ఏమీ లేదు, ప్రతిసారీ గడియారాన్నే అడుగుతుంది. వెనక రంగు కనబడకుండా చేసే సీఎస్ఎస్‌ని (పేజీ రూపురేఖలు చెప్పే కోడ్) ఓబీఎస్ ముందే పెట్టి ఇస్తుంది, కాబట్టి అంకెలు నేరుగా మండపం మీదే తేలుతాయి.

తప్పు జరిగేది తేదీ దగ్గర. శుభలేఖలో ‘శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం 12:47 గంటలకు’ అని ఉంటుంది. మనవాళ్ల లెక్కలో అది శనివారం పెళ్లే, కంప్యూటర్ లెక్కలో ఆదివారం తేదీ. శనివారం తేదీ వేస్తే ఆ సమయం ఎప్పుడో దాటిపోయినట్టు, స్క్రీన్ మీద మైనస్ అంకెలు వస్తాయి. అందుకే తేడా సున్నా కన్నా తగ్గితే అంకెల బదులు ‘సుముహూర్తం’ అని చూపించమని ఒక షరతు రాయాలి, కానీ అది రాసే ముందే తేదీ సరిచూసుకోవాలి. లేకపోతే ఆ షరతు తప్పుని దాచిపెట్టి సాయంత్రం నుంచే సుముహూర్తం అంటుంది. ఇంకోటి, సమయం రాయకుండా తేదీ ఒక్కటే ఏడాది, నెల, రోజు వరసలో ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రిగా తీసుకుంటుంది. అంటే మనకి ఉదయం 5:30. సమయం కూడా రాసి, చివర ప్లస్ 05:30 అని చేరిస్తే ఏ అనుమానమూ ఉండదు.

తెలుగు అక్షరాల విషయంలోనూ బ్రౌజరే ముందుంటుంది. విండోస్‌లో జీడీఐ ప్లస్ అనే టెక్స్ట్ సోర్స్‌కి నిర్మలా ఫాంట్ పెడితే తెలుగు బాగానే వస్తుంది. లైనక్స్‌లో ఉండే ఫ్రీటైప్ అనే టెక్స్ట్ సోర్స్‌లో మాత్రం ‘ముహూర్తం’ అని రాస్తే త వత్తు కిందికి దిగకుండా విడిగా పక్కన కూర్చుంటుంది. బ్రౌజర్‌లో ఆ బాధ లేదు. అంకెల వెడల్పు సమానంగా ఉంచమని సీఎస్ఎస్‌లో చెబితే సెకను మారినప్పుడల్లా వరస అటూ ఇటూ జరగడం కూడా ఆగుతుంది.

దీనికీ ఖర్చుంది. బ్రౌజర్ సోర్స్ ర్యామ్ ఎక్కువ తింటుంది. పాత ల్యాప్‌టాప్‌లో మూడు కెమెరాలతో పాటు ఇదీ పెట్టాలంటే ముందురోజే నడిపి చూసుకోండి. బరువనిపిస్తే పైన చెప్పినట్టు మార్చుకున్న లువా స్క్రిప్టే దిక్కు.

లైవ్ కొన్ని సెకన్లు ఆలస్యంగా వెళుతుంది కదా, టైమర్ లెక్కలో తేడా రాదా అని అడుగుతారు. రాదు. టైమర్, మండపం ఒకే వీడియోలో కలిసి వెళతాయి, రెండూ సమానంగానే ఆలస్యమవుతాయి. సిస్టమ్ గడియారాన్ని మాత్రం ఉదయమే ఇంటర్నెట్‌తో సింక్ చేయండి. అంతా సరిగ్గా ఉన్నా పంతులు గారి వాచీ రెండు నిమిషాలు ముందుంటే, స్క్రీన్ మీద ఇంకా 1:50 ఉండగానే గట్టిమేళం మోగుతుంది. అప్పుడు వాదనలు పనికిరావు. ఓబీఎస్ సెట్టింగ్స్‌లోని హాట్‌కీస్‌లో ఆ సోర్స్‌ని దాచే కీ ఒకటి ముందే పెట్టుకుని, మేళం వినగానే నొక్కేయండి.