పేరు మార్పు: పేపర్ ప్రకటన చాలా, గెజిట్ కూడా కావాలా?

ముందు మార్పు ఎంతో చూసుకోండి. ఆధార్‌లో ఒకటి రెండు అక్షరాల స్పెల్లింగ్ సరిచేయడానికి గెజిట్ అక్కర్లేదు, సరైన పేరున్న మరో గుర్తింపు కార్డు చాలు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారితే మ్యారేజ్ సర్టిఫికెట్‌తోనే చాలావరకు పనవుతుంది. ఈ రెండింటికీ ప్రకటనల మీద డబ్బు తగలేయకండి.

అసలు పేరే మారుతుంటే సంగతి వేరు. పేపర్ ప్రకటన తేలిక. నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి, క్లాసిఫైడ్స్‌లో నాలుగు లైన్లు వేయిస్తే నాలుగైదు రోజుల్లో చేతికొస్తుంది. ఒకటి ఇంగ్లిష్ పత్రికలో, ఒకటి తెలుగు పత్రికలో వేయించడం వాడుక. కానీ అది మనకు మనం చెప్పుకున్న మాట. గెజిట్ ప్రభుత్వం ప్రచురించే అధికారిక రికార్డు. ఆధార్‌లో పేరు పూర్తిగా మార్చాలంటే అడిగేది దాన్నే. పైగా అక్కడ పేరు మార్చుకోవడానికి జీవితంలో రెండే అవకాశాలు. అందుకే నా ఓటు గెజిట్‌కే. ఆలస్యమైనా, ఖర్చయినా సరే.

కేంద్ర గెజిట్ అయితే ఢిల్లీ సివిల్ లైన్స్‌లోని డిపార్ట్‌మెంట్ ఆఫ్ పబ్లికేషన్‌కు (కేంద్ర ప్రచురణ శాఖకు) దరఖాస్తు పంపాలి, ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. వ్యక్తుల ప్రకటనలు అందులో నాలుగో భాగంలో వస్తాయి. దరఖాస్తుతో పాటు పత్రిక ప్రకటన కూడా జతచేయాలి కాబట్టి పేపర్ ఖర్చు వృథా కాదు.

మా చెల్లి సుజాత విషయంలో మేం దెబ్బతిన్నది ఇక్కడే. అఫిడవిట్‌లో ఆమె పేరు ఇంగ్లిష్‌లో 'టీ' తర్వాత 'హెచ్‌'తో ఉంది. పేపర్లో ఆ హెచ్ ఎగిరిపోయింది. పొద్దున్నే టీ తాగుతూ చూసుకుని గుండె జారిపోయింది. మళ్లీ డబ్బు కట్టి మళ్లీ వేయించాం. మన తెలుగువాళ్లకు ఈ హెచ్‌లు, ముందు వెనకలయ్యే ఇంటిపేర్లు, పొడి అక్షరాల ఇనీషియల్స్ పెద్ద తలనొప్పి. ప్రకటన ఇచ్చేటప్పుడే ఇంటిపేరు పూర్తిగా రాయండి. అచ్చుకు వెళ్లేముందు ప్రూఫ్ అడిగి, అఫిడవిట్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకోండి.

అచ్చయ్యాక కటింగ్ ఒక్కటే కత్తిరించి పెట్టుకోకండి. పత్రిక పేరు, తేదీ కనిపించేలా పేజీ మొత్తం దాచండి, రెండు మూడు కాపీలు కొనండి. గెజిట్ వచ్చినా టెన్త్ మెమోలో పాత పేరు దానంతట అది మారదు. ఉద్యోగానికి వెళ్లినా, పాస్‌పోర్ట్‌కు వెళ్లినా ఆ మెమో వెనక గెజిట్ కాపీ పిన్ చేసి తీసుకెళ్లండి.