ఏలియన్: ఐసొలేషన్ కట్ కంటెంట్ వేటకు ఓపెన్‌కేజ్: చాలాకాలం వాడాక సమీక్ష

ఏలియన్: ఐసొలేషన్ అనే భయానక వీడియో గేమ్ ఫైళ్లలో కట్ కంటెంట్, అంటే తయారీలో ఆటలోంచి తీసేసిన సరుకు, ఇంకా ఏం దాగుందో చూడాలనుకునేవాళ్లకు ఓపెన్‌కేజ్‌ను మించిన పనిముట్టు లేదు. గేమ్ ఫైళ్లను తెరిచి చూసి మార్చే ప్రోగ్రామ్ ఇది. ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్‌లో నడుస్తుంది. అయితే దీన్ని డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లలో చాలామంది ఆశించేది ఒకటి, దొరికేది ఇంకొకటి. మొత్తం తయారయ్యాక చివర్లో పక్కన పెట్టేసిన మిషన్ ఏదో ఫోల్డర్లో చెక్కుచెదరకుండా ఉంటుందని ఆశిస్తారు. దొరికేవి ముక్కలు. ఎక్కడా కనిపించని టెక్స్‌చర్ (వస్తువుల మీద అతికించే బొమ్మ), ఎవరూ పలకని వాక్యం, ఏ ట్రిగ్గర్‌కూ (సంఘటనను మొదలుపెట్టే సంకేతం) తగలని స్క్రిప్టు (ఎప్పుడు ఏం జరగాలో చెప్పే సూచనలు). వీటిలో ఏది నిజంగా తీసేసింది, ఏది వాడుకలోనే ఉండి మన కంటపడనిది అని తేల్చడమే అసలు పని. ఈ పనిముట్టు విలువ కూడా అక్కడే తెలుస్తుంది.

2014 అక్టోబరు 7న వచ్చిన ఈ గేమ్‌ను క్రియేటివ్ అసెంబ్లీ తన సొంత ఇంజన్ (గేమ్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్) మీద కట్టింది. అందుకే అన్‌రియల్ లాంటి ఇంజన్ల కోసం ఉన్న టూల్స్ ఏవీ ఇక్కడ పనికిరావు. ఫైల్ ఫార్మాట్లన్నీ అభిమానులే ఒక్కొక్కటిగా విప్పుకుంటూ వచ్చారు. సరిగ్గా పదేళ్లకు, 2024 అక్టోబరులో, రెండో భాగం పని మొదలైందని స్టూడియో ప్రకటించింది. అప్పటినుంచి మొదటి భాగంలో మిగిలిపోయిన ఆలోచనల మీద ఆసక్తి మళ్లీ పెరిగింది.

ముందు చేయాల్సిన పని బ్యాకప్. గేమ్ సుమారు 35 జీబీ ఉంటుంది కాబట్టి మొత్తం కాపీ చేయాల్సిన అవసరం లేదు. డేటా ఫోల్డర్లో ఎన్వ్, దాని లోపల ప్రొడక్షన్ అనే ఫోల్డర్ ఉంటుంది. ప్రతి లెవెల్‌కూ అక్కడ విడి ఫోల్డర్ ఉంది. మీరు తవ్వబోయే లెవెల్ ఫోల్డర్ ఒక్కటి పక్కకు కాపీ చేసుకుంటే చాలు. ఏదైనా చెడితే, గేమ్ కొని దించుకునే స్టీమ్‌లో ఫైళ్లను వెరిఫై చేయించుకోవచ్చు. మారిన ఫైళ్లను అది మళ్లీ దించుతుంది కానీ మీరు అదనంగా వేసిన ఫైళ్లను తీసేయదు. వెరిఫై చేశాక కూడా గేమ్ తెరుచుకోకపోవడానికి తరచూ కారణం, మోడ్ (అభిమానులు చేసిన మార్పు) కోసం వేసిన డీఎల్ఎల్ ఫైల్ అక్కడే ఉండిపోవడమే. దాన్ని చేత్తో తీసేయాలి.

లెవెల్ పేర్లతోనే అయోమయం మొదలవుతుంది. స్పేస్‌ఫ్లైట్ టెర్మినల్ ఫైళ్లలో హ్యాబ్_ఎయిర్‌పోర్ట్‌గా ఉంటుంది. ఆసుపత్రి కింద అంతస్తు, పై అంతస్తు రెండు వేర్వేరు లెవెళ్లు. టోరెన్స్ నౌక బీఎస్పీ_టోరెన్స్. ఎల్వీ-426 అనే లోకం రెండు భాగాలు. పేర్లు గేమ్‌లోని బోర్డులతో కలవకపోతే అది కట్ కంటెంట్ అయిపోదు. తయారీలో పెట్టుకున్న పని పేర్లు అలాగే ఉండిపోయాయి, అంతే. ఇంకో సంగతి, ఒకే లెవెల్ ఫోల్డర్‌ను పలు మిషన్లు పంచుకుంటాయి. సైన్స్ విభాగం హబ్ లాంటి చోట్లకు కథలో మళ్లీ మళ్లీ వస్తాం. మొదటిసారి వచ్చినప్పుడు మూసి ఉన్న తలుపు వెనక పూర్తి గది కనిపిస్తే సంబరపడిపోకుండా, తర్వాతి మిషన్లలో అది తెరుచుకుంటుందేమో చూడాలి. అన్ని సార్లూ కాకపోయినా చాలాసార్లు తెరుచుకుంటుంది.

ప్రతి లెవెల్ ఫోల్డర్లో రెండు ముఖ్యమైన ఫోల్డర్లు ఉంటాయి. రెండరబుల్‌లో మోడల్స్, టెక్స్‌చర్లు. వరల్డ్‌లో స్క్రిప్టు, వస్తువులు ఎక్కడెక్కడ ఉండాలన్న వివరం. టెక్స్‌చర్ల పాక్ (చాలా ఫైళ్లను కలిపి కట్టిన మూట) తెరిచి ఒక్కొక్కటీ డీడీఎస్ అనే బొమ్మ ఫైల్‌గా బయటికి తీయడం ఈ టూల్‌లో అన్నిటికన్నా సులువైన పని. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఒకే టెక్స్‌చర్ తరచూ రెండు సైజుల్లో ఉంటుంది, మెమరీలో ఎప్పుడూ ఉండే చిన్నది ఒకటి, దగ్గరికి వెళ్లినప్పుడు వచ్చే పెద్దది ఒకటి. ఒకటే మార్చి ఊరుకుంటే దూరం నుంచి ఒక బొమ్మ, దగ్గరికెళ్తే ఇంకో బొమ్మ కనిపిస్తుంది. మోడల్స్‌లోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. తక్కువ పాలిగాన్ల, అంటే తక్కువ వివరంతో ఉన్న, రూపం చూసి "ఇది పాత డిజైన్" అని స్క్రీన్‌షాట్లు పెడుతుంటారు. ఎక్కువ భాగం అవి దూరం నుంచి చూపించడానికి ఉంచిన ఎల్ఓడీలే.

ఒక లెవెల్‌లో టెక్స్‌చర్ ఉన్నంత మాత్రాన ఆ లెవెల్ కోసమే గీశారని అనుకోకూడదు. ఉమ్మడి సామగ్రి వెంట దాని మీద ఆధారపడిన ఫైళ్లన్నీ లెవెల్‌లోకి వచ్చేస్తాయి. పైగా గ్లోబల్ ఫోల్డర్లో అన్ని లెవెళ్లూ వాడుకునే టెక్స్‌చర్లు వేరేగా ఉంటాయి. ఫలానాది ఎక్కడా వాడలేదు అని చెప్పాలంటే అన్ని లెవెళ్లలో, డీఎల్‌సీ (విడిగా వచ్చిన అదనపు భాగాల) ఫోల్డర్లతో సహా, వెతికి ఉండాలి. ఆ డీఎల్‌సీల్లో క్రూ ఎక్స్‌పెండబుల్, లాస్ట్ సర్వైవర్ రెండూ తొలి ఏలియన్ సినిమాలోని నోస్ట్రోమో నౌక మీద జరుగుతాయి. సర్వైవర్ మోడ్ ప్యాకులు ఇంకా ఐదున్నాయి. ఈ ఒక్క వడపోతతోనే "దొరికింది" అనుకున్న వాటిలో పెద్ద భాగం జారిపోతుంది.

ఓపెన్‌కేజ్‌లో అసలైన బలం స్క్రిప్ట్ ఎడిటర్. వరల్డ్ ఫోల్డర్లోని కమాండ్స్.పాక్‌ను అది తెరుస్తుంది. లెవెల్ మొత్తం కాంపోజిట్లుగా (స్క్రిప్టు గుంపులు), వాటి లోపల ఎంటిటీలుగా (విడివిడి భాగాలు), ఎంటిటీల మధ్య లింకులుగా కనిపిస్తుంది. ప్రతిదానికీ నాలుగు బైట్ల ఐడీ ఉంటుంది. పేరు తెలిసినచోట పేరు చూపిస్తుంది, తెలియనిచోట ఆ ఐడీయే కనిపిస్తుంది. ఐడీ మాత్రమే కనిపిస్తే అది రహస్యం అనుకోనక్కర్లేదు.

ఒక స్క్రిప్టు నిజంగా చచ్చిపోయిందా లేదా అని తేల్చే పద్ధతి ఇది. అనుమానం వచ్చిన ఎంటిటీకి లోపలికి వచ్చే లింకులు చూడాలి. లింకు ఉంటే అది ఎక్కడినుంచి వస్తోందో పట్టుకుని పైకి వెళ్లాలి. ఆ కాంపోజిట్‌ను ఇంకేదైనా కాంపోజిట్ వాడుతోందా అని చూస్తూ లెవెల్ మూలం దాకా చేరాలి. మూలం దాకా దారి ఉంటే ఏదో ఒక పరిస్థితిలో అది నడుస్తుంది. మధ్యలో తెగిపోతే అప్పుడు అది నిజమైన అభ్యర్థి. దారి ఉన్నా మొదట్లో ఆఫ్‌లో ఉండి, వేరే ట్రిగ్గర్ వచ్చాక ఆన్ అయ్యేవి చాలా ఉన్నాయి. ట్రిగ్గర్‌సీక్వెన్స్ ఎంటిటీలు కాంపోజిట్ లోతుల్లో ఉన్నవాటిని నేరుగా పిలుస్తాయి కాబట్టి మామూలు లింకులే చూసి తీర్పు చెప్తే తప్పుతారు. వాటిని విడిగా తెరిచి చూడాల్సిందే. ఓపిక ఎక్కువ కావాలి. కానీ ఇంత నమ్మకంగా సమాధానం ఇచ్చే దారి ఇంకోటి లేదు.

తెగిపోయిన ముక్కను మళ్లీ కలిపి గేమ్‌లో చూడాలనుకుంటే కష్టం అక్కడ మొదలవుతుంది. స్క్రిప్టులో మోడల్‌ను చూపించే మోడల్‌రిఫరెన్స్ ఎంటిటీ పెట్టి సేవ్ చేసినా లెవెల్‌లో ఏమీ కనిపించకపోవచ్చు. ఎందుకంటే ఏ మోడల్‌కు ఏ మెటీరియల్ అన్నది రెడ్స్.బిన్ చూసుకుంటుంది, లెవెల్‌లో నిలబెట్టిన ప్రతి మోడల్ వివరం మోడల్స్.ఎంవీఆర్‌లో ఉంటుంది. ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవాలి. కలవకపోతే మోడల్ మాయం, లేదా తప్పు మెటీరియల్‌తో రావడం, లేదా లోడింగ్‌లోనే క్రాష్. ఒకేసారి నాలుగు మార్పులు చేసి సేవ్ చేస్తే ఏది పాడుచేసిందో కనుక్కోలేరు. ఒక మార్పు, ఒక సేవ్, ఒక పరీక్ష. మెనూను దాటించి నేరుగా కావాల్సిన లెవెల్‌లోకి దించే సదుపాయం ఓపెన్‌కేజ్‌లోనే ఉంది కాబట్టి పరీక్షకు పెద్దగా సమయం పట్టదు. కాకపోతే అలా దిగినప్పుడు కథ ముందు భాగాల్లో సెట్ అయ్యే విషయాలు ఉండవు. ఏదైనా పనిచేయకపోతే సేవ్ ఫైల్‌తో మామూలుగా ఆ చోటికి వెళ్లి కూడా చూడాలి.

మూసేసిన గదిని తెరిచినా ఏలియన్ లోపలికి రాదని చాలామంది ఫిర్యాదు చేస్తారు. నడక దారుల మ్యాప్ వేరే ఫైల్, నావ్_మెష్. స్టేట్_0 లాంటి ఫోల్డర్లలో ఉంటుంది. తలుపు తీసినంత మాత్రాన ఆ మ్యాప్ మారదు. అలాగని గదిలో నావ్‌మెష్ ఉంటే అక్కడ వేట సాగించాలనుకున్నారని కూడా చెప్పలేం. మనుషులు, ఆండ్రాయిడ్లు (మనిషి రూపంలోని రోబోలు) నడవడానికీ అదే కావాలి.

ఇక అందరూ ముందు తెరిచేది బిహేవియర్ ట్రీ ఎడిటర్. ఒక పాత్ర ఎప్పుడు ఏం చేయాలో నిర్ణయించే కొమ్మల పటమే ఈ ట్రీ. తప్పుడు ప్రచారం ఎక్కువగా పుట్టేదీ అక్కడే. ఏలియన్ ట్రీలో వందకు పైగా నోడ్‌లు ఉన్నాయి. గేమ్ మొదట్లో వాటిలో కొన్ని కొమ్మలు మూసి ఉంటాయి. మీ ఆట తీరును బట్టి, కథ ముందుకు సాగేకొద్దీ తెరుచుకుంటాయి. ఏలియన్ మన దగ్గర నేర్చుకుంటోంది అనిపించడానికి కారణం అదే. ఒక కొమ్మ ఎప్పుడూ నడవడం లేదని చూసి "ఈ ప్రవర్తన తీసేశారు" అని రాసేముందు, దాన్ని తెరిచే షరతు ఎక్కడైనా ఉందేమో స్క్రిప్టుల్లో వెతకండి. దీనికి తోడు ఏలియన్‌కు పైన డైరెక్టర్ ఒకటి ఉంది. ఆటగాడు ఎక్కడున్నాడో డైరెక్టర్‌కు ఎప్పుడూ తెలుసు, ఏలియన్‌కు తెలియదు. డైరెక్టర్ సుమారుగా ఫలానా వైపు వెళ్లమని చెప్తుంది, ఆటగాడి మీద ఒత్తిడి మరీ పెరిగితే ఏలియన్‌ను వెనక్కి పిలిచి వెంట్లలోకి (గాలి గొట్టాల్లోకి) పంపుతుంది. ట్రీ ఒక్కటే చదివితే సగం బొమ్మే కనిపిస్తుంది.

ఇలాంటిదే మరో ఉదాహరణ. పదో మిషన్ చివర ఏలియన్ ఉన్న ల్యాబ్ భాగాన్ని, కథ జరిగే అంతరిక్ష స్టేషన్ నుంచి విడగొట్టి పడేస్తారు. ఆ తర్వాత కొంతసేపు వేట ఆండ్రాయిడ్లది. ఆ చోట్లలోనూ వెంట్లు, దాక్కునే అల్మరాలు యథావిధిగా ఉంటాయి. వాటిని చూపించి ఇక్కడినుంచి ఏలియన్‌ను తీసేశారు అనడం సాక్ష్యం కాదు, కథే దాన్ని పక్కకు పంపింది.

కాన్ఫిగరేషన్ ఎడిటర్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చూపు కోణాలు, ఆయుధాల విలువలు, కష్టం స్థాయిలు మార్చుకోవచ్చు. ప్రయోగాలకు సరదాగా ఉంటుంది, కట్ కంటెంట్‌కు సంబంధించి తక్కువే ఇస్తుంది.

నిజమైన పాత జాడలు కావాలంటే టెక్స్ట్ ఫోల్డర్ తెరవమంటాను. వాక్యాలు మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఉంటాయి, ఓపెన్‌కేజ్ కూడా అక్కర్లేదు. టెక్స్ట్ పెద్దగా చోటు తినదు కాబట్టి ఆటలోంచి తీసేసినా ఫైల్లో వదిలేయడం సహజం. ఆటలో దొరికేవి ఆర్కైవ్ లాగ్‌లు, 10 నోస్ట్రోమో లాగ్‌లు, 50 ఐడీ ట్యాగులు. అన్నీ సేకరించిన జాబితా పక్కన పెట్టుకుని ఫైళ్లతో పోల్చితే ఏది మిగిలిందో స్పష్టంగా తేలుతుంది. శబ్దాలు ఇంత సులువు కాదు. శబ్దాలుండే డబ్ల్యూఈఎం ఫైళ్లకు పేర్ల బదులు అంకెలుంటాయి. వీజీఎం‌స్ట్రీమ్ అనే ప్రోగ్రామ్‌తో వినవచ్చు కానీ ఏ సన్నివేశానిదో చెవితోనే పోల్చుకోవాలి. ఒకే మాటను రెండు మూడు రకాలుగా పలికించి ఆట సమయంలో మార్చి మార్చి వాడటం మామూలే కాబట్టి, కొత్తగా వినిపించిన ప్రతి మాటా తీసేసిన సంభాషణ కాదు.

ఈ గేమ్‌లో అన్నిటికన్నా గొప్ప కట్ కంటెంట్ ఏ మిషనూ కాదు, వీఆర్. 2014 ఈ3 గేమ్ ప్రదర్శనలో ఆక్యులస్ రిఫ్ట్ డీకే2 అనే వీఆర్ హెడ్‌సెట్ మీద దీన్ని చూపించారు. అమ్మకానికి వచ్చిన గేమ్‌లో ఆ ఆప్షన్ లేదు, కోడ్ మాత్రం అందులోనే ఉంది. డేటా ఫోల్డర్లోని ఇంజన్_సెట్టింగ్స్.ఎక్స్ఎంఎల్‌లో స్టీరియో మోడ్ విలువ మారిస్తే పనిచేస్తుందని విడుదలైన కొద్ది రోజుల్లోనే అభిమానులు కనుక్కున్నారు. ఆక్యులస్ సాఫ్ట్‌వేర్ మారిపోయాక ఆ దారి మూసుకుపోయింది. 2017లో వచ్చిన మదర్‌వీఆర్ మోడ్ ఆ పాత కోడ్‌నే కొత్త హెడ్‌సెట్లకు కలిపింది. ఇది ఊహ కాదు, స్టూడియోవాళ్లే రాసిన పని. హెడ్‌సెట్ ఉంటే తప్పక చూడాల్సిందే. అల్మరాలో దాక్కుని చీలికల్లోంచి ఏలియన్ కాళ్లు చూడటం మామూలు స్క్రీన్ మీద ఎంత భయపెట్టినా, ఇక్కడ అది మన ఎత్తుకు మించిన జీవిగా ఎదురుగా నిలబడుతుంది. ఇబ్బందులూ ఉన్నాయి. నిచ్చెనలు ఎక్కడం, ప్యానెళ్లు పీకడం లాంటి చోట గేమే కెమెరాను తిప్పుతుంది, తల తిరగడం ఖాయం. మెనూలన్నీ చదునైన స్క్రీన్ కోసం చేసినవి. మొదట కూర్చుని, తక్కువ సేపు ఆడాలి.

ఎంత తవ్వినా దొరకనివాటి గురించి కూడా చెప్పాలి. గేమ్‌ను ఆమోదింపజేసుకోవడానికి చేసిన తొలి నమూనాలో ఏలియన్‌ను ఒక మనిషే నడిపేవాడు, ఇంకొకరు దాక్కునేవారు. తర్వాత కొంతకాలం మూడో వ్యక్తి కోణంలో ప్రయత్నించి, మొదటి వ్యక్తి కోణంలో ఆట స్వభావమే మారిపోతుందని గ్రహించి దానికి మళ్లారు. ఆయుధాలు తయారుచేసుకునే ఆలోచన కూడా తొలినాళ్లలో ఉండేది, ఇది ట్రిగ్గర్ నొక్కే ఆట కాదని వదిలేశారు. ఆట చివరికి నాయిస్‌మేకర్, పొగ బాంబు, ఈఎంపీ మైన్ వైపు వచ్చింది అందుకే. మాలొటోవ్, పైప్ బాంబు ఉన్నా ఏలియన్‌ను చంపేది ఏదీ లేదు. ఈ మూడూ స్టూడియోవాళ్లు బహిరంగంగా చెప్పినవి. ఫైళ్లలో ఏ పాత క్యారెక్టర్ మోడల్ కనిపించినా అది మూడో వ్యక్తి వెర్షన్ తాలూకుది అనడానికి లేదు. కట్‌సీన్లకూ, నీడలకూ పూర్తి శరీరం కావాలి కదా.

కొత్తవాళ్లు ఎడిటర్ తెరిచిన వెంటనే ఏలియన్ ట్రీలోకి దూకకుండా బీఎస్పీ_టోరెన్స్‌తో మొదలుపెడితే మేలు. చిన్న లెవెల్, ఆట మొదట్లో అక్కడ శత్రువులు ఉండరు, స్క్రిప్టు మొదటినుంచి చివరిదాకా చదివేయవచ్చు. ఏ లింకు ఏ తలుపు తెరుస్తోందో అక్కడ పట్టుబడితే పెద్ద లెవెళ్లు అర్థమవుతాయి. దొరికింది పదిమందికి చూపించేటప్పుడు లెవెల్ పేరు, కాంపోజిట్ పేరు, ఎంటిటీ ఐడీ మూడూ రాయండి, మరొకరు తెరిచి సరిచూసుకోగలగాలి. గేమ్ ఫైళ్లను మాత్రం ఎక్కడా అప్‌లోడ్ చేయొద్దు, చేసిన మార్పు వివరిస్తే చాలు.