సంగారెడ్డి పాత జైలు మ్యూజియం: చూసి రావచ్చా?

తప్పకుండా చూడాల్సిన చోటు. 1796లో కట్టిన ఈ జైలు 2016లో మ్యూజియం అయింది. హైదరాబాద్ నుంచి ముంబై హైవే మీద సుమారు 60 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరండి, ఆలస్యమైతే బీహెచ్‌ఈఎల్, పటాన్‌చెరు ట్రాఫిక్‌లోనే సగం పూట పోతుంది.

కట్టడం పెద్దదేం కాదు, గంటన్నర చాలు. ఫోటోల కోసం పరుగులు పెట్టకుండా బ్యారక్‌లోకి వెళ్లి కాసేపు నేల మీద కూర్చోండి. ఊచల్లోంచి బయటికి చూస్తేనే ఆ గోడల బరువు తెలుస్తుంది.

ఈ జైలుకు పేరు తెచ్చింది ‘ఫీల్ ద జైల్’, అంటే డబ్బు కట్టి ఒక రోజు ఖైదీలా లోపల గడిపే ఏర్పాటు. మొదలుపెట్టినప్పుడు 24 గంటలకు 500 రూపాయలు. ఖాదీ యూనిఫాం, స్టీలు కంచం, గ్లాసు, మగ్గు, సబ్బు వాళ్లే ఇస్తారు; తిండి జైలు పద్ధతిలోనే. ఫోన్ ఉండదు, గది మనమే ఊడ్చుకోవాలి. చాలామందికి ఇబ్బంది తిండితో కాదు, ఏమీ తోచకపోవడంతో. సరదాగా గుంపుగా వెళ్తే ఆ అనుభవమే దక్కదు, ఒకరిద్దరు వెళ్లడమే మేలు. రాత్రి బస ఇప్పుడు ఇస్తున్నారో లేదో, రేటెంతో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. బీపీ, షుగర్ మందులుంటే ఆ సంగతీ అప్పుడే చెప్పేయండి.